డిమ్మర్ తిప్పితే ఎల్ఈడీ ఎందుకు గిలగిలా కొట్టుకుంటుంది? తప్పు ఎలక్ట్రీషియన్ ది కాదు, డబ్బా మీద రాయని మాటది

ఫోన్ రివ్యూలు చదివేవాళ్ళకి పీడబ్ల్యూఎం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అమోలెడ్ డిస్ ప్లే బ్రైట్ నెస్ తగ్గించినప్పుడు సెకనుకి 240 సార్లు ఆరి వెలుగుతుందా, 1920 సార్లా, 3840 సార్లా అని మనం పేజీలకి పేజీలు కొట్టుకుంటాం. "నాకు కళ్ళు లాగుతున్నాయి బ్రో" అని ఫోన్ రిటర్న్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అదే మనిషి తల మీద వేలాడే 9 వాట్ల బల్బు సెకనుకి 100 సార్లు మిణుకుతున్నా ఒక్క ప్రశ్న అడగడు. నేనూ అడగలేదు, మా మామ్మ గడప తట్టుకుని పడేదాకా.

మా ఇల్లు అమలాపురం, కొత్తపేట మధ్యలో ఒక పల్లెటూళ్ళో. పాత పెంకుటిల్లు పక్కనే కొత్తగా రెండు గదుల డాబా వేశాం. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నెలలో సగం రోజులు ఇక్కడే ఉంటాను. మామ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక రాత్రి పూట తెల్ల లైట్ వేస్తే కళ్ళు చెదిరిపోతున్నాయి అనేది. అందుకని లైట్ వెయ్యకుండానే చీకట్లో తడుముకుంటూ బాత్రూమ్ కి వెళ్ళేది. ఒకరోజు పాత ఇంటి గడప దగ్గర బోర్లా పడింది. ఎముక విరగలేదు, అదృష్టం. మోచెయ్యి మాత్రం పది రోజులు వాచింది.

నాన్న వెంటనే "డిమ్మర్ పెట్టించేద్దాం రా" అన్నారు. మంచి ఐడియానే కదా అనుకున్నాం. తర్వాత రెండు నెలల్లో ఒక డిమ్మర్ పోయింది, మూడు బల్బులు పోయాయి, మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ నాలుగు సార్లు నిచ్చెన ఎక్కాడు. మీ డబ్బులు, మీ బాబాయ్ మోకాళ్ళు మిగులుతాయని ఈ ఆర్టికల్ రాస్తున్నా.

మేం చేసిన మొదటి తప్పు

గదిలో నాలుగు 7 వాట్ల డౌన్ లైట్లు ఉన్నాయి. బాబాయ్ వచ్చి బోర్డు విప్పి చూసి, "ఆయ్, దీనికి వేరే డిమ్మర్ ఎందుకండీ అబ్బాయ్ గారూ, ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టేద్దాం, అదీ ఇదీ ఒకటే" అన్నాడు. పెట్టాడు. 1 మీద పెట్టినా 4 మీద పెట్టినా లైట్లు ఒకేలా వెలుగుతున్నాయి.

ఎందుకంటే ఇప్పుడు అమ్మే స్టెప్ రెగ్యులేటర్లలో లోపల ఉండేది కెపాసిటర్లు. ఫ్యాన్ మోటర్ తీసుకునే కరెంటుకి తగ్గట్టు అవి వోల్టేజ్ ని కాస్త ఆపుతాయి. ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు దానిలో చిన్న భాగం. కాబట్టి అక్కడ ఆగేది దాదాపు ఏమీ ఉండదు. మెల్లగా తిరిగే గుండ్రటి పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే లోపల ట్రయాక్ ఉంటుంది, అంటే డిమ్మర్ లాంటిదే. బాబాయ్ మనసులో ఉన్నది అది. ఆయన నేర్చుకున్న రోజుల్లో ఆ మాట నిజమే. కింద మారింది బల్బు.

రెండో ప్రయత్నంలో షాపు నుంచి అసలైన డిమ్మర్ తెచ్చాం. 400 వాట్లు అని రాసి ఉంది. నాలుగు లైట్లు కలిపి 28 వాట్లే కదా, బోలెడంత మార్జిన్ అనుకున్నాను. నాది బీటెక్ మరి! పెట్టగానే సగం దాకా తిప్పినా ఏం మార్పు లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా లైట్లు జాతరలో సీరియల్ సెట్లలాగా మిణుకు మిణుకు. బోర్డులోంచి జుయ్ మని సౌండ్. ఇంకొంచెం తిప్పితే మొత్తం ఆరిపోయాయి. మామ్మ మంచం మీంచే "ఆపండ్రా బాబూ, కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

గోడ మీద డిమ్మర్ అనేది ఇవాల్టి గ్యాడ్జెట్ కాదు. అమెరికాలో జోయెల్ స్పైరా అనే ఆయన 1959లో సాలిడ్ స్టేట్ డిమ్మర్ తయారు చేసి, 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టాడు. అప్పుడు ఇళ్ళల్లో ఉన్నది ఫిలమెంట్ బల్బు. ఆ బల్బుకి తగ్గట్టు చేసిన ఐడియానే ఇప్పటికీ మన బోర్డుల్లో ఉంది.

మన కరెంటు 230 వోల్ట్స్, 50 హెర్ట్జ్. అంటే సెకనుకి 100 సార్లు వోల్టేజ్ సున్నా నుంచి పైకి లేచి మళ్ళీ సున్నాకి వస్తుంది. మామూలు డిమ్మర్ లోని ట్రయాక్ ఆ ప్రతి అలలో మొదటి ముక్కని కోసేసి, మిగతాది బల్బుకి పంపుతుంది. దీన్నే లీడింగ్ ఎడ్జ్ అంటారు. ఎంత ఎక్కువ కోస్తే అంత తక్కువ పవర్. ఫిలమెంట్ అంటే కాలుతున్న తీగ, సెకనులో నూరో వంతు సేపు కరెంటు ఆగితే అది చల్లారదు. అందుకే మనకి కోత కనపడదు, మెల్లగా తగ్గే వెలుగే కనపడుతుంది.

ఎల్ఈడీ అలా కాదు. లోపల ఒక డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. ఏసీని డీసీ చేసి, కెపాసిటర్ లో నింపుకుని, చిప్స్ కి ఎప్పుడూ ఒకే కరెంటు పంపడం దాని పని. మీ ఇంట్లో ఉన్న బల్బు డబ్బా తీసి చూడండి, చాలా వాటి మీద 100 నుంచి 300 వోల్ట్స్ అని గర్వంగా రాసి ఉంటుంది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. మా చిన్నప్పుడు ఊళ్ళో డిమ్మర్ ఫ్రీ. సాయంత్రం ఆరు దాటితే వోల్టేజ్ పడిపోయి 60 వాట్ల బల్బు దీపపు బుడ్డిలాగా ఎర్రగా అయిపోయేది. ఇప్పటికీ మా వీధిలో కొన్ని సాయంత్రాలు నా మల్టీమీటర్ 190 చూపిస్తుంది. కానీ లైట్ల వెలుగు ఇసుమంత కూడా తగ్గదు. ఆ గొప్పతనం అంతా డ్రైవర్ దే. వోల్టేజ్ ఎంత తగ్గినా వెలుగు తగ్గనివ్వకు అని నేర్పించి పంపిన బల్బు అది. దానికి మనం డిమ్మర్ పెట్టి, వోల్టేజ్ కోసి, "వెలుగు తగ్గించు" అంటున్నాం. అది మన మాట ఎందుకు వింటుంది?

అందుకే మొదటి సగం తిప్పినా మార్పు ఉండదు. అల పైకొస దాకా కోసినా ఆ కొస దగ్గర కెపాసిటర్ నిండిపోతుంది. కొస కూడా దాటి కోస్తే అప్పుడు డ్రైవర్ కి తిండి చాలక ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ మొదలవుతుంది. పైగా ప్రతి అలలో వోల్టేజ్ హఠాత్తుగా వచ్చి పడుతుంది కాబట్టి కెపాసిటర్ ఒక్క గుక్కలో బోలెడంత కరెంటు లాగుతుంది. జుయ్ మనే సౌండ్ దాని వల్లే. బల్బు త్వరగా పోయేది కూడా దాని వల్లే.

400 వాట్ల డిమ్మర్ 28 వాట్లు ఎందుకు మోయలేదు?

ట్రయాక్ ఒకసారి ఆన్ అయ్యాక అలాగే ఉండాలంటే దానిలోంచి కనీసం కొంత కరెంటు పారుతూ ఉండాలి. దాన్నే హోల్డింగ్ కరెంటు అంటారు, కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఉండొచ్చు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒక్కటి ఉన్నా అది సుఖంగా సరిపోతుంది. ఎల్ఈడీలు కరెంటుని ముక్కలు ముక్కలుగా తాగుతాయి, మధ్యలో దాదాపు ఏమీ తీసుకోవు. ట్రయాక్ మధ్యలో జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. మీకు కనపడే మిణుకు అదే.

నమ్మకం కుదరక నేను ఒక టెస్ట్ చేశాను. పెరట్లో పాత సామాన్ల డబ్బాలో దొరికిన 40 వాట్ల ఫిలమెంట్ బల్బుని అదే లైనుకి కలిపి చూశాం. మిణుకు చాలావరకు తగ్గింది! అంటే సమస్య ఎక్కడుందో తెలిసింది. కానీ కరెంటు ఆదా చేసే బల్బు సరిగ్గా నడవడానికి కరెంటు తినే బల్బు పక్కన పెట్టడం అంటే, సైకిల్ తొక్కడానికి పెట్రోల్ కొట్టించినట్టు ఉంటుంది. అది డయాగ్నసిస్ మాత్రమే, పరిష్కారం కాదు.

డిమ్మర్ మీద ఉన్న వాట్ల అంకె ఫిలమెంట్ లోడ్ కి చెప్పింది. ఎల్ఈడీకి గరిష్ఠం దానికన్నా చాలా తక్కువ ఉంటుంది, కనిష్ఠం కూడా ఒకటి ఉంటుంది. మంచి డిమ్మర్ల డేటా షీట్ లో రెండూ విడిగా రాస్తారు. మేం తెచ్చిన దాని మీద ఫిలమెంట్ అంకె ఒక్కటే ఉంది.

మరి పని చేసే దారి ఏది?

ఒకటి: గోడ మీద నాబ్ కావాల్సిందే అంటే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ తీసుకోండి. ఇది అలని ముందు కాకుండా వెనక నుంచి కోస్తుంది. వోల్టేజ్ సున్నా నుంచి మెల్లగా లేస్తుంది కాబట్టి డ్రైవర్ మీద ఆ దెబ్బ పడదు. సౌండ్ కూడా తక్కువ. దానికి తోడు బల్బు డబ్బా మీద "డిమ్మబుల్" అని స్పష్టంగా ఉండాలి. రాయకపోతే డిమ్మబుల్ కాదు అనే లెక్క. నాబ్ గుర్తు మీద అడ్డగీత ఉంటే అసలు ముట్టుకోకండి. డిమ్మర్ లో కనిష్ఠ వెలుగు సెట్ చేసే చిన్న స్క్రూ ఉంటే, కరెంటు తెలిసిన మనిషి చేత మిణుకు మొదలయ్యే చోటుకి కొంచెం పైన పెట్టించండి. ముందు ఒక్క బల్బు కొని చూడాలనే సలహా ఇక్కడ సరిగ్గా పని చెయ్యదు, ఎందుకంటే ఒక్క బల్బు లోడ్ సరిపోక మిణకొచ్చు. గదికి కావాల్సినన్నీ తెచ్చి, రిటర్న్ ఇస్తారో లేదో ముందే మాట్లాడుకుని పెట్టండి.

మనకి ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది. మన స్విచ్ బోర్డుల్లో సాధారణంగా ఒక ప్లగ్ పాయింట్ కూడా ఉంటుంది, అంటే న్యూట్రల్ వైరు బోర్డు దాకా వచ్చే ఉంటుంది. న్యూట్రల్ కలిపే రకం డిమ్మర్ అయితే అది తన తిండి తను తింటుంది, బల్బు గుండా లాక్కోదు. తక్కువ లోడ్ లో కూడా నిలకడగా ఉంటుంది.

రెండు: స్మార్ట్ బల్బు. దీనిలో డిమ్మింగ్ బల్బు లోపలే జరుగుతుంది. బయట నుంచి దానికి పూర్తి కరెంటు ఎప్పుడూ ఉండాలి. స్మార్ట్ బల్బుని డిమ్మర్ మీద పెట్టారో, రెండూ గొడవపడతాయి. గుర్తుంచుకోండి, చాలావరకు ఇవి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. మా ఇంట్లో దీనికి వచ్చిన కష్టం వేరు. అలవాటు ప్రకారం నాన్న గోడ స్విచ్ ఆపేస్తారు, బల్బు చచ్చిపోతుంది, యాప్ లో "డివైజ్ ఆఫ్ లైన్". ఇంకో రాత్రి 2 గంటలకి కరెంటు పోయి వచ్చింది. బల్బు ఫుల్ బ్రైట్ నెస్ లో వెలిగింది, ఇల్లంతా లేచి కూర్చుంది. చాలా యాప్ లలో కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలో సెట్టింగ్ ఉంటుంది, "చివరి స్థితి" అని పెట్టుకోండి. మనలాంటి ఊళ్ళలో కొనగానే మార్చాల్సిన సెట్టింగ్ ఇదే.

మూడు: స్విచ్ తోనే మెట్లు మారే బల్బులు. ఒకసారి ఆపి వేస్తే సగం, మళ్ళీ ఆపి వేస్తే ఇంకా తక్కువ. ఫిలిప్స్ సీన్ స్విచ్ లాంటివి ఈ రకం. కొత్త వైరింగ్ వద్దు, యాప్ వద్దు, వైఫై వద్దు. పెద్దవాళ్ళున్న ఇంట్లో నా ఓటు దీనికే. అయితే కొనేటప్పుడు చూడండి, స్విచ్ తో మారేది రంగా, వెలుగా అని. షాపులో 3 ఇన్ 1 అని అమ్మే ప్యానెల్ లైట్లు ఎక్కువగా రంగు మార్చేవి, వెలుగు తగ్గించేవి కావు.

నాలుగు: ఫాల్స్ సీలింగ్ లో స్ట్రిప్ లైట్లు వేస్తుంటే 12 లేదా 24 వోల్ట్స్ డీసీ స్ట్రిప్ తీసుకుని, పవర్ సప్లై తర్వాత డీసీ డిమ్మర్ పెట్టండి. నేరుగా 230 వోల్ట్స్ మీద నడిచే చవక రోప్ స్ట్రిప్ లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, వాటికి డిమ్మర్ పెడితే ఇంకా ఘోరం.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద డిమ్మర్ ని నమ్మకండి. డిమ్మర్ తయారైంది సైన్ వేవ్ కోసం. కరెంటు ఉన్నప్పుడు బాగా పని చేసిన సెట్, కరెంటు పోగానే బుయ్ మంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గొడవ ఉండదు.

స్విచ్ ఆపినా బల్బు సన్నగా వెలుగుతోందా? దెయ్యం కాదు. స్విచ్ లో ఉన్న ఇండికేటర్ లైట్ గుండా కొంచెం కరెంటు వెళ్తుండొచ్చు, లేదా పాత వైరింగ్ లో స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండొచ్చు. రెండోది ప్రమాదం. స్విచ్ ఆపినా హోల్డర్ లో కరెంటు ఉంటుంది. వెంటనే ఎలక్ట్రీషియన్ ని పిలిచి మార్పించండి. మా పాత ఇంట్లో రెండు గదుల్లో అలాగే ఉంది, ఈ డిమ్మర్ గోల వల్లే బయటపడింది.

10 శాతం అంటే 10 శాతం కాదు

డబ్బా మీద "10 శాతం వరకు డిమ్ అవుతుంది" అని ఉంటే, రాత్రికి సరిపోతుందిలే అనుకుంటాం. మీటర్ కొలిచే వెలుగు వేరు, కంటికి అనిపించే వెలుగు వేరు. లైటింగ్ వాళ్ళు వాడే లెక్క ప్రకారం కంటికి అనిపించేది దాదాపు వర్గమూలం. కొలిస్తే 25 శాతం ఉన్నది కంటికి సగంలా ఉంటుంది. 10 శాతం అంటే కంటికి 32 శాతం. చీకటికి అలవాటు పడిన కంటికి అది చాలా ఎక్కువ. రాత్రి లేచి నడవడానికి కావాల్సింది 1 శాతం, అప్పుడు కంటికి 10 శాతంలా ఉంటుంది. మామూలు డిమ్మబుల్ బల్బులు చాలావరకు అంత కిందికి దిగవు.

రంగు కూడా అంతే. ఫిలమెంట్ బల్బు తగ్గేకొద్దీ ఎర్రగా, వెచ్చగా మారేది. మామూలు ఎల్ఈడీ తగ్గినా అదే రంగు. మన దగ్గర అందరూ ఇష్టపడి కొనే 6500 కెల్విన్ తెల్ల లైట్ ని 10 శాతానికి తగ్గిస్తే గది హాస్పిటల్ వరండాలాగా ఉంటుంది. డిమ్ చెయ్యాలనుకుంటే 2700 లేదా 3000 కెల్విన్ తీసుకోండి.

ఇంతకీ నా గోల ఏంటంటే

2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు వెళ్ళాయి. మన రాష్ట్రంలో పాత బల్బు తీసుకుని 10 రూపాయలకి ఎల్ఈడీ ఇచ్చిన రోజులు మా ఇంట్లో అందరికీ గుర్తే. అది నిజంగా మంచి పని, కరెంటు బిల్లులో తేడా కనిపించింది. కానీ గోడలో ఉన్న డిమ్మర్, రెగ్యులేటర్, షాపులో మాటలు మాత్రం ఫిలమెంట్ కాలంలోనే ఉండిపోయాయి. బల్బు మారింది, దాని చుట్టూ ఉన్న సమాచారం మారలేదు.

మూడు బల్బులు పోయాక షాపుకి వెళ్తే "డిమ్మర్ మీద పెట్టారు కదండీ, వారంటీ రాదు" అన్నారు. డిమ్మర్ అమ్మింది, బల్బులు అమ్మింది అదే కౌంటర్, ఒకే బిల్లు! అమ్మేటప్పుడు రెండూ కలవవని ఎవరూ అనలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది డబ్బా.

కాబట్టి కంపెనీలని నేను అడిగేది మూడే. డిమ్మబుల్ అవునో కాదో డబ్బా ముందు వైపు, తెలుగు సహా స్థానిక భాషల్లో, కంటికి కనపడే సైజులో రాయండి. డిమ్మర్ మీద ఎల్ఈడీకి కనిష్ఠ, గరిష్ఠ వాట్లు విడిగా వెయ్యండి. మీ ఏ బల్బు ఏ డిమ్మర్ తో పరీక్షించారో లిస్ట్ పెట్టండి. డిమ్మర్, ఎల్ఈడీ జత కుదరడానికి అమెరికాలో ఎన్ఈఎమ్ఏ ఎస్ఎస్ఎల్ 7ఏ అనే స్టాండర్డ్ ఉంది. ఎల్ఈడీ ఫ్లికర్ మీద ఐట్రిపుల్ఈ 1789 అని 2015లో సిఫార్సులు వచ్చాయి. అంటే కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

మనలాంటి రివ్యూ రాసేవాళ్ళకి, చదివేవాళ్ళకి కూడా ఒక మాట. బల్బు రివ్యూ అంటే యాప్ స్క్రీన్ షాట్లు, 1.6 కోట్ల రంగులు అని రాసి వదిలెయ్యకూడదు. ఫోన్ లో స్లో మోషన్ 240 ఎఫ్ పీ ఎస్ పెట్టి బల్బు వైపు చూపించండి. నల్ల గీతలు పాకుతున్నాయా, వెలుగు కొట్టుకుంటోందా, పది సెకన్లలో తెలిసిపోతుంది. పూర్తి వెలుగులో ఒకసారి, తక్కువ వెలుగులో ఒకసారి చూడాలి. ఈ టెస్ట్ కి రూపాయి ఖర్చు లేదు.

మామ్మ సంగతి అడుగుతారేమో. చివరికి డిమ్మర్ పీకేశాం. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే, ఆవిడ అడిగింది వెలుగు తగ్గించే నాబ్ కాదు, రాత్రి పూట కళ్ళలో పడని కాస్త వెలుగు. మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా, గడపకి ఇటూ అటూ, చీలమండ ఎత్తులో అర వాటు పసుపు రంగు నైట్ ల్యాంప్ లు మూడు పెట్టాం. గడప దగ్గర దానికి మోషన్ సెన్సర్ ఉంది. పై లైట్ల సర్క్యూట్ ని మామూలు స్విచ్ కి మార్చేశాం. మొత్తం ఖర్చు మేం పాడు చేసుకున్న బల్బుల ఖర్చు కన్నా తక్కువ.

హాల్లో మాత్రం నాకు డిమ్మింగ్ కావాలి, సినిమా చూడటానికి. దానికి న్యూట్రల్ ఉన్న ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్, 3000 కెల్విన్ డిమ్మబుల్ లైట్లు ఆరు పెట్టాను. మిణకడం లేదు, సౌండ్ లేదు, స్లో మోషన్ లో గీతలు లేవు. మొన్న బాబాయ్ వచ్చి తిప్పి చూసి, "ఆయ్, ఇదేదో బానే ఉందండీ, దీని పేరు రాసివ్వండి, వేరే ఇంట్లో కూడా అడుగుతున్నారు" అన్నాడు. పేరు ఒక్కటే కాకుండా ఎన్ని వాట్ల నుంచి ఎన్ని వాట్ల దాకా, ఏ బల్బుతో అన్నది కూడా కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితం డబ్బాలోనే ఉండాల్సింది.